టికెట్టులో ఆ ఒక్క వరుస చదివాకే పెట్టె సర్దుకోండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. మన తిరుపతి, చిత్తూరు పట్టణాల నుంచి ఇరవై ముప్ఫై మంది కలిసి విదేశయాత్రలకు వెళ్ళడం ఈమధ్య బాగా పెరిగింది. ఒకప్పుడు కాశీకో రామేశ్వరానికో బస్సు మాట్లాడుకున్న కుటుంబాలే ఇప్పుడు సింగపూరు, మలేసియా, బాలి, కంబోడియాలోని ఆంగ్కోర్ వాట్ అంటూ బయలుదేరుతున్నాయి. ఆ యాత్రల కరపత్రాల్లో హోటలు ఎన్ని నక్షత్రాలదో, మన భోజనం ఏయే పూటల పెడతారో వివరంగా ఉంటుంది. తలకు ఎన్ని కిలోల సామాను తీసుకువెళ్ళవచ్చో మాత్రం నేను చూసిన ఏ కరపత్రంలోనూ లేదు. దాని గురించి ముందే తెలుసుకోకపోవడం వల్ల మా బృందం పడిన ఇబ్బందిని, ఆ తరువాత నేను తెలుసుకున్న సంగతులను మీ పాఠకుల ముందు ఉంచుదామని ఈ లేఖ రాస్తున్నాను. కొంచెం పొడవైనందుకు మన్నించగలరు.

మేము మొత్తం ఇరవై నలుగురం. విశ్వవిద్యాలయం ఆవరణలో తెల్లవారుజామున నడిచేవాళ్ళం, మా ఇళ్ళలోనివాళ్ళు, మరి కొందరు బంధువులు కలిస్తే ఆ లెక్క తేలింది. సగానికి పైగా అరవై దాటినవారం. ముగ్గురు తప్ప తక్కినవారెవరూ అంతకు ముందు దేశం దాటి ఎరుగరు. చెన్నై నుంచి కౌలాలంపూర్‌కు విమానంలో వెళ్ళి, అక్కడి నుంచి బస్సులో సింగపూరు చేరి, సింగపూరు నుంచి మరొక సంస్థ విమానంలో చెన్నైకి తిరిగి రావడం మా యాత్రాక్రమం. సామాను సంగతి అడిగినప్పుడు, యాత్ర ఏర్పాటు చేసిన వ్యక్తి "దాని గురించి మీరేమీ దిగులు పెట్టుకోవద్దు సార్, తలకు ముప్ఫై కిలోలు ఉంటుంది" అని ధైర్యం చెప్పారు. ఆయన కావాలని అబద్ధం ఆడారని నేను అనను. అంతకు ముందు ఏడాది ఆయన దుబాయికి తీసుకువెళ్ళిన బృందానికి నిజంగానే ముప్ఫై కిలోలు ఇచ్చారట. ఆ అంకె నోటికి అలవాటైపోయి మాకూ అదే చెప్పారు. కాగితం చూపించమని మేమూ అడగలేదు. ప్రతి ఇంట్లోనూ ముప్ఫై కిలోల లెక్కనే పెట్టెలు సర్దుకున్నాము.

పుత్తూరు, ఊత్తుకోట మీదుగా బస్సులో వెళ్ళి అర్ధరాత్రి వేళకు చెన్నైలోని మీనంబాక్కం విమానాశ్రయం చేరాము. కౌంటరు దగ్గర మొదటి పెట్టె పెట్టగానే తూకం ఇరవై ఎనిమిదిన్నర చూపించింది. అక్కడి అమ్మాయి టికెట్టు చూసి, "సార్, మీకు ఇరవై కిలోలే ఉంది, తక్కినదానికి డబ్బు కట్టాలి" అంది. ఆమె చెప్పిన రేటును పెట్టెలోని వస్తువుల ఖరీదుతో పోల్చుకుంటే, ఆ వస్తువులను అక్కడే వదిలేసి వెళ్ళడం లాభమనిపించింది. ఇరవై నలుగురమూ వరుసలోంచి పక్కకు వచ్చి నేలమీద పెట్టెలు తెరిచాము. ముక్కూ మొహం తెలియనివాళ్ళు చూస్తుండగా చీరలు, పంచెలు, మురుకుల డబ్బాలు, వేరుశనగ పొడి సీసాలు బయటికి తీసి, ఏది ఉంచాలో ఏది తీయాలో అక్కడికక్కడ తేల్చుకోవలసి వచ్చింది. అదృష్టవశాత్తూ మమ్మల్ని దించిన బస్సు ఇంకా కదలలేదు. తీసేసిన సామానునంతా గోనెసంచుల్లో కట్టి డ్రైవరుకు అప్పగించి తిరుపతికి తిప్పి పంపాము. ఆ గంటన్నరలో దంపతుల మధ్య నడిచిన మాటలను ఇక్కడ రాయడం బాగుండదు.

ఆ గందరగోళంలోనే నాకు అంతవరకు తెలియని ఒక సంగతి తెలిసింది. నా పెట్టె ఇరవై నాలుగు కిలోలు, మా శ్రీమతి పెట్టె పదహారు కిలోలు తూగాయి. రెండూ కలిపితే నలభై. ఇద్దరికీ ఇరవై చొప్పున సరిగ్గా సరిపోవాలి. కానీ కౌంటరువారు ఒప్పుకోలేదు. మామూలు పద్ధతిలో ఒక బుకింగు కింద, అంటే ఒక పీఎన్ఆర్ నంబరు కింద, తొమ్మిది మందికి మించి టికెట్టు తీయడం కుదరదు. పది మందో అంతకు మించో ఉంటే విమాన సంస్థల బృంద బుకింగు విభాగం ద్వారా వెళ్ళాలి. దాని ధరలు వేరు, షరతులు వేరు. మా నిర్వాహకుడు ఆ రోజు దొరికిన ధర బాగుందని తొమ్మిది, తొమ్మిది, ఆరుగా మూడు బుకింగులు చేశారు. అక్షరక్రమంలో పేర్లు ఎక్కించుకుంటూ పోవడంతో నేను మొదటి తొమ్మిది మందిలో పడ్డాను, మా శ్రీమతి రెండో తొమ్మిది మందిలో పడింది. బరువులను కలిపి లెక్కించే సౌకర్యం ఏ సంస్థ ఇచ్చినా, సాధారణంగా ఒకే పీఎన్ఆర్ కింద ఉండి, ఒకే విమానంలో, ఒకేసారి కౌంటరుకు వచ్చినవారికే ఇస్తుంది. మేము ఒకే ఇంటివాళ్ళమే అయినా మా పీఎన్ఆర్‌లు రెండు. బృందంగా వెళ్ళేవారు భార్యాభర్తల పేర్లు, తల్లీబిడ్డల పేర్లు ఒకే బుకింగులో ఉండేటట్టు టికెట్టు తీయకముందే చెప్పుకోవాలని నాకు ఆ రాత్రి అర్థమైంది.

మనకు ఈ తూకాల అలవాటు లేకపోవడానికి కారణం ఉంది. రైల్లో కూడా సామానుకు పరిమితి ఉందన్న విషయం మనలో ఎందరికి గుర్తుంది? స్లీపర్‌లో 40 కిలోలు, సెకండ్ క్లాసులో 35 కిలోలు, ఏసీ టూ టైర్ బోగీలో 50 కిలోలు ఉచితమని రైల్వే నిబంధన. అయినా సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి ఎన్నోసార్లు వెళ్ళివచ్చిన నేను, నా పెట్టెను ఎవరైనా తూచగా ఒక్కసారీ చూడలేదు. బస్సు డిక్కీలో ఎంత పడితే అంత పెట్టవచ్చు. అదే అలవాటుతో విమానం దగ్గరకు వెళ్ళేసరికి దెబ్బ తింటున్నాము. విమానంలో బరువు ప్రతి కిలో లెక్కే: ఇంధనం ఎంత నింపాలో, సామానును ముందు అరలో ఎంత, వెనుక అరలో ఎంత సర్దాలో ఆ లెక్కను బట్టే తేలుస్తారు. కౌంటరులో కూర్చున్నవారు మనల్ని సతాయించడానికి తూచడం లేదు.

టికెట్టును ఎలా చదవాలో కాస్త వివరంగా రాస్తాను. ఈమెయిల్‌కో వాట్సాప్‌కో వచ్చే ఈ-టికెట్టులో ప్రతి ప్రయాణ అంచెకూ ఎదురుగా బ్యాగేజీ అనే గడి ఉంటుంది. అందులో అంకె పక్కన 'కె' అనో 'కేజీ' అనో ఉంటే అది మొత్తం బరువు. ఇరవై కేజీలంటే ఒక పెట్టెలో పెట్టినా రెండు పెట్టెల్లో పెట్టినా కలిపి ఇరవై కేజీలే. అంకె పక్కన 'పీసీ' అని ఉంటే అది పెట్టెల సంఖ్య. గల్ఫ్ దేశాలకు, ఆగ్నేయాసియాకు వెళ్ళే విమానాల్లో మొదటి పద్ధతి ఎక్కువ. అమెరికా, కెనడాలకు రెండో పద్ధతి. రెండో పద్ధతిలో మామూలు తరగతి ప్రయాణికులకు పెట్టె ఒక్కింటికి 23 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు అనే హద్దు చాలా సంస్థలు పెట్టాయి. ఇందులో ఒక చిక్కుంది. రెండు పెట్టెలు అనుమతించిన టికెట్టు మీద ఒకటి 28 కిలోలు, మరొకటి 18 కిలోలు చేసి "మొత్తం 46 అయిందిగా" అంటే చెల్లదు. మొదటి పెట్టెకు అధిక బరువు రుసుము వేస్తారు, రెండో పెట్టెలోని ఖాళీ దానికి అక్కరకు రాదు. ఇక ఎంత డబ్బు కడతామన్నా 32 కిలోలు దాటిన పెట్టెను దాదాపు ఏ సంస్థా తీసుకోదు. దాన్ని ఎత్తి దించే కూలీల నడుములు కాపాడటానికి పెట్టిన హద్దు అది, న్యాయమైనదే. ఆ గడిలో సున్నా ఉన్నా, గడి ఖాళీగా ఉన్నా ఇంకా జాగ్రత్త పడాలి. చవక ధర టికెట్టుకు కింద వేసే సామాను బొత్తిగా ఉండకపోవచ్చు. చేతిసంచి ఒక్కటే ఉంటుంది.

మా తిరుగు ప్రయాణంలో జరిగింది సరిగ్గా అదే. సింగపూరులో ఆఖరి రాత్రి, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కొడుకు మమ్మల్ని చూడటానికి హోటలుకు వచ్చాడు. మాటల్లో మా టికెట్టు అడిగి తీసుకుని, ఒక్క నిమిషం చూసి, "మామా, తిరిగి వెళ్ళేటప్పుడు మీకెవరికీ చెకిన్ లగేజీ లేదు, ఏడు కిలోల చేతిసంచే ఉంది" అన్నాడు. వెళ్ళేటప్పుడు ఇరవై ఉంది కాబట్టి వచ్చేటప్పుడూ ఇరవై ఉంటుందని మేము, మా నిర్వాహకుడు కూడా, అనుకున్నాము. సంస్థ వేరు, టికెట్టు వేరు, షరతు వేరు అన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఆ రాత్రికి రాత్రి ఆ అబ్బాయి తన కంప్యూటరులో కూర్చుని ఇరవై నలుగురికీ ఇరవై కిలోల చొప్పున సామాను కొన్నాడు. తలకు సుమారు మూడు వేల రూపాయలు పడింది. ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే ఒక ధర, విమానాశ్రయం కౌంటరులో కడితే అంతకు చాలా ఎక్కువ ధర అన్నది ఈ చవక సంస్థలన్నింటి పద్ధతి. మరునాడు ఉదయం కౌంటరు దగ్గర బోర్డు మీద రాసిన రేటు చూసి మా ఇరవై నలుగురి గుండెలూ ఒక్కసారి గుభేలుమన్నాయి. ముందు రాత్రి కొన్న సామాను ఖర్చులో నిర్వాహకుడు పెద్దమనసుతో సగం తాను భరించారు. కాబట్టి ఒక టికెట్టు చూసి రెండో టికెట్టును ఊహించుకోకండి. వెళ్ళే అంచె, మధ్యలో మారే అంచె, వచ్చే అంచె, వేటికవే చదవాలి.

ఈ సందర్భంలో మన ఊరికే ప్రత్యేకమైన ఒక ఇబ్బందిని చెప్పాలి. రేణిగుంట విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా ఉన్నా, ఇతర దేశాలకు అక్కడి నుంచి క్రమం తప్పని విమానాలు లేవు. కాబట్టి మనం చెన్నైకో బెంగళూరుకో రోడ్డు మీదుగా వెళ్ళాలి, లేదా రేణిగుంటలో దేశీయ విమానం ఎక్కి హైదరాబాదు చేరి అక్కడ విదేశీ విమానం అందుకోవాలి. దేశీయ విమానంలో సాధారణంగా ఇచ్చేది 15 కిలోలు. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులు రెండు పెట్టెలకు 46 కిలోలు సర్దుకుని రేణిగుంట కౌంటరు దగ్గర నిలబడి, "మాకు రెండు పెట్టెలు ఉన్నాయి కదా బాబూ" అని బతిమాలుకోవడం నేను రెండుసార్లు చూశాను. రెండు అంచెలూ ఒకే టికెట్టు మీద ఉంటే అంతర్జాతీయ పరిమితే దేశీయ అంచెకూ వర్తించడం సాధారణం. పెట్టెను కూడా హైదరాబాదులో తీసుకోనక్కర లేకుండా ముందుకు పంపేస్తారు. డబ్బు కలిసి వస్తుందని రెండు టికెట్లు విడివిడిగా కొన్నవారికి మాత్రం రేణిగుంటలో 15 కిలోల లెక్కే. హైదరాబాదులో సామాను తీసుకుని మళ్ళీ వేరే కౌంటరులో ఇవ్వాలి. చిత్తూరువారికి ఈ బాధ తక్కువ, వారు ఎలాగూ బెంగళూరు దారే పడతారు.

ఇక చేతిసంచి. మామూలు తరగతిలో ఒక్కరికి ఒక్క సంచి, ఏడు కిలోలు అన్నది మన దేశంలో ఎక్కువగా అమలులో ఉన్న లెక్క. చక్రాలున్న చిన్నపెట్టె ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు ఉంటుంది. అంటే ఏడింటిలో సగానికి దగ్గర పెట్టెకే పోయింది. పెద్దపెట్టె కూడా అంతే, గట్టిరకమైతే ఖాళీగా నాలుగు కిలోల దాకా తూగుతుంది. గుడ్డసంచి తీసుకువెళ్ళడం నామోషీ అనుకోనివారికి ఇక్కడ మంచి లాభం ఉంది. పైగా మనం తిరుపతివాళ్ళం. లడ్డూలు లేకుండా బయటి ఊరు వెళ్ళమంటే మనకు కాళ్ళు కదలవు. పది లడ్డూలు కిలోన్నర దాటుతాయి. అడిగినవారందరికీ లెక్కగట్టి యాభై తీసుకుంటే ఇరవై కిలోల పెట్టెలో ఎనిమిది కిలోలు స్వామివారి ప్రసాదమే అవుతుంది. తీసుకోవద్దని అనను, నేనూ తీసుకున్నాను. సర్దే ముందు ఆ బరువును లెక్కలో వేసుకోమని మాత్రమే అంటున్నాను.

ఆవకాయ, నెయ్యి, నూనె వంటివి చేతిసంచిలో పెట్టకూడదు. అంతర్జాతీయ ప్రయాణంలో ద్రవాలు, జావలా జారే పదార్థాలు ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించని సీసాల్లో, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన సంచిలో ఉంటేనే తనిఖీ దాటతాయి. మాలో ఒక పెద్దావిడ కౌంటరు దగ్గర పెద్దపెట్టెలోంచి తీసిన ఆవకాయ జాడీని ఎక్కడ వదలాలో తోచక చేతిసంచిలోకి మార్చారు. భద్రతా సిబ్బంది దాన్ని తీసి పక్కన పెట్టేశారు. రెండు అడుగుల ముందు వరకు అది బరువు సమస్య, రెండు అడుగుల తరువాత అది భద్రతా సమస్య అయింది. ఆమె సింగపూరు దాకా ఆ జాడీ గురించే చెప్పుకున్నారు.

ఎండు కొబ్బరి సంగతి నాకు అసలు తెలియదు. కొబ్బరి పొడి చేసుకుందామని ఒకరు పెట్టెలో ఎండు కొబ్బరి చిప్పలు పెట్టుకున్నారు, తీసెయ్యమన్నారు. అందులో నూనె పాళ్ళు ఎక్కువ, వేడికి దానంతట అదే రాజుకునే గుణం ఉన్నందున ప్రమాదకర వస్తువుల అంతర్జాతీయ పట్టికలో దానికి చోటుంది. గుడి నుంచి తెచ్చుకున్నది అయినా అంతే. పవర్ బ్యాంకుకు దీనికి తలకిందుల నియమం: అది పెద్దపెట్టెలో అసలు ఉండకూడదు, చేతిసంచిలోనే ఉండాలి, ఎందుకంటే లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషులున్న చోటయితేనే ఆర్పగలరు. 100 వాట్ అవర్ల వరకు అనుమతి అడగనక్కర లేదు. మన దుకాణాల్లో ఎక్కువగా అమ్మే 20,000 మిల్లీ యాంపియర్ అవర్ల రకం 74 వాట్ అవర్లే కాబట్టి ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకు సంస్థ అనుమతి కావాలి, ఆపైన నిషేధం. రోజూ వేసుకునే మందులు, డాక్టరు చీటీతో సహా, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఇన్సులిన్ వంటివాటికి ఆ 100 మిల్లీలీటర్ల హద్దు నుంచి మినహాయింపు ఉంది. నడవలేనివారి చక్రాల కుర్చీని సామాను బరువులో కలపరు.

బరువులు సర్దుబాటు చేసుకోవడం గురించి మరొక మాట. చెన్నైలో మేము చేసిన పని ఏమిటంటే, ఒకరి పెట్టెలో ఖాళీ ఉంటే మరొకరి వస్తువులు అందులో పెట్టాము. ఆ సమయానికి అది స్నేహధర్మంగానే తోచింది. ఇంటికి వచ్చిన తరువాత, నా పెట్టెలో ప్రయాణించిన ఒక మసాలా డబ్బాలో గసగసాల పొట్లం ఉందని తెలిసి నా ఒళ్ళు చల్లబడింది. మన వంటింట్లో నిత్యం వాడే ఆ గింజలు సింగపూరులోనూ, అరబ్ ఎమిరేట్స్‌లోనూ మాదకద్రవ్యాల చట్టం కింద నిషేధం. ఆ పెట్టె మీద ట్యాగు నా పేరిట ఉంది. కస్టమ్స్‌వారు తెరిచి ఉంటే, ఇది ఫలానా అక్కయ్యగారి డబ్బా అని నేను చెప్పుకున్నంత మాత్రాన వదిలిపెట్టేవారు కారు. పెట్టె ఎవరి పేరిట ఉందో అందులోని ప్రతి వస్తువుకూ వారే జవాబుదారులు. ముఖం తెలియనివారి పొట్లం మోయకూడదని అందరికీ తెలుసు. తెలిసినవారి డబ్బానైనా మూత తీసి చూశాకే పెట్టుకోవాలని నేను ఆ గసగసాల వల్ల నేర్చుకున్నాను. గల్ఫ్‌కు వెళ్ళే మన జిల్లావారు మరీ గుర్తుంచుకోవాలి. వారికి మరొక సంగతి కూడా: ఒక పక్కయినా చదునుగా లేని గుండ్రటి మూటలను దుబాయి విమానాశ్రయం 2017 నుంచి ఒప్పుకోవడం లేదు.

సామాను పోయినా, పాడైనా ఏం చేయాలో కూడా ముందే తెలిసి ఉండాలి. మాలో ఒకరి పెట్టె చక్రం విరిగి వచ్చింది. ఆయన ఇంటికి వెళ్ళాక చూసుకుందామని బయటికి వచ్చేశారు. తరువాత అడిగితే, మీరు విమానాశ్రయంలోనే రాయించి ఉండాల్సింది అన్నారు. హాలు దాటకముందే సంస్థవారి కౌంటరుకు వెళ్ళి, పీఐఆర్ అనే ఫిర్యాదు పత్రం రాయించి దాని నకలు తీసుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక వర్తిస్తుంది. మన దేశం అందులో 2009లో చేరింది. దాని ప్రకారం పాడైన సామాను గురించి చేతికి అందిన 7 రోజుల లోపల, ఆలస్యంగా వచ్చినదాని గురించి అందిన 21 రోజుల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులు గడిచినా రాకపోతే పోయినట్టే లెక్క. ఒక్కొక్క ప్రయాణికుడికి పరిహారం గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క ప్రమాణం), అంటే మన డబ్బులో లక్షన్నర రూపాయలకు పైమాటే. అది గరిష్ఠం మాత్రమే. ఏమేమి పోయిందో, దాని విలువ ఎంతో మనమే రుజువు చేసుకోవాలి. అందుకే సర్దిన తరువాత తెరిచి ఉన్న పెట్టెను ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది. నగలు, నగదు, ఇంటి తాళాలు కింద వేసే పెట్టెలో పెట్టకూడదని వేరే చెప్పాలా! దంపతులైతే ఇద్దరి బట్టలూ రెండు పెట్టెల్లోనూ సగం సగం సర్దుకుంటే, ఒకటి రాకపోయినా మార్చుకోవడానికి జత దొరుకుతుంది. సంస్థ సమాధానం ఇవ్వకపోతే విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం కేంద్ర ప్రభుత్వపు ఎయిర్‌సేవా పోర్టల్ ఉంది, వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెన్నైకి తిరగనక్కర లేదు.

ఇంట్లో తూచుకోవడం గురించి ఎక్కువ రాయను. కొక్కెం ఉన్న చిన్న తూకం యంత్రం కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. బృందానికి ఒకటి చాలు. అదీ లేకపోతే మనిషి బరువు చూసే యంత్రం మీద పెట్టె పట్టుకుని ఒకసారి, పట్టుకోకుండా ఒకసారి నిలబడితే తేడాయే పెట్టె బరువు. ఏ తూకం కూడా మరొక తూకంతో సరిగ్గా సరిపోలదు కాబట్టి హద్దుకు ఒకటి రెండు కిలోలు తక్కువగా ఉంచుకోవాలి. వచ్చేటప్పుడు కొనే చాక్లెట్లకు, మనవళ్ళ బొమ్మలకు అదే చోటు.

మన ఊరి యాత్రా నిర్వాహకులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. అడ్వాన్సు తీసుకునేటప్పుడే, ప్రతి అంచెకూ ఏ సంస్థ విమానం, కింద వేసే సామాను ఎన్ని కిలోలు లేక ఎన్ని పెట్టెలు, చేతిసంచి ఎంత, ఎవరెవరు ఏ పీఎన్ఆర్ కింద ఉంటారు అన్న వివరాలు తెలుగులో ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. మీకు అర పేజీ పని. సామాను కొనవలసిన టికెట్టయితే ఆ ఖర్చును యాత్ర ధరలోనే కలిపి చెప్పండి. ధర రెండు మూడు వేలు ఎక్కువ కనిపించినా చెన్నైలో నేలమీద పెట్టె తెరవడం కంటే మాకు అదే నయం. ప్రయాణికులు కూడా "అంతా మీరే చూసుకోండి" అని వదిలేయకుండా టికెట్టు నకలు అడిగి తీసుకోవాలి. ఆంగ్లంలో ఉందని వెనకాడనక్కర లేదు, చూడవలసింది ఒక్క గడి, అందులో ఒక్క అంకె. మీ పత్రిక సెలవుల కాలానికి ముందు ఈ నిబంధనలను ఒక పూట ప్రచురిస్తే ఎందరికో ఉపయోగపడుతుంది.

మా బృందంలో పన్నెండు మంది ఇప్పుడు నేపాల్‌లోని ముక్తినాథ్ దర్శనానికి సిద్ధమవుతున్నారు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో అది ఒకటి కావడంతో మా పెద్దవాళ్ళకు ఎన్నాళ్ళ నుంచో ఆశ. పోఖరా నుంచి ముక్తినాథ్ దారిలోని జోమ్‌సోమ్‌కు వెళ్ళే చిన్న విమానంలో చేతిసంచితో కలిపి సాధారణంగా పదిహేను కిలోలే ఒప్పుకుంటారు. ఈసారి మేము అడ్వాన్సు ఇవ్వకముందే ఆ లెక్క రాసి ఇమ్మని అడిగాము, రాసి ఇచ్చారు. పెద్ద పెట్టెలను పోఖరా హోటలులోనే వదిలి వెళ్ళే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఆవకాయ పోగొట్టుకున్న పెద్దావిడ కూడా ఆ పన్నెండు మందిలో ఉన్నారు. ఈసారి జాడీ వద్దని, వంద గ్రాముల ప్యాకెట్లు నాలుగు కొన్నానని, వాటిని పెద్దపెట్టెలోనే పెడతానని నిన్న ఉదయం నడకలో చెప్పారు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తిరుపతి.